పెద్దావిడ అతికించిన రెండో గ్రాఫు కాగితం

మేరీలాండ్‌లో నా మొదటి ఉద్యోగం ఒక వాతావరణ పరిశోధన ఆఫీసులో. తాహితీ దీవిలో గాలి పీడనం ఎంత, ఆస్ట్రేలియా ఉత్తర తీరాన డార్విన్‌లో ఎంత, ఆ తేడా మామూలుకి ఎంత దూరంలో ఉందో లెక్కగట్టి నెలకో అంకె ఇవ్వాలి. పసిఫిక్ మీద గాలులు ఎటు తిరుగుతున్నాయో, ఎక్కడ వానలు తప్పుతాయో ఆ అంకెను బట్టి మా బాస్ అంచనా వేసేవాడు.

అంతకుముందు ఆ పని ఒక పెద్దావిడ చేత్తో చేసేది. నేనొచ్చాక కూడా మానకుండా గోడ మీది గ్రాఫు కాగితంపై నెలనెలా పెన్సిలుతో చుక్క పెట్టేది. నా కంప్యూటర్ ప్రోగ్రాం వచ్చింది కాబట్టి ఏడాది చివర్లో ఆవిడను ఉద్యోగంలోంచి పంపించేస్తారు. ఆ సంగతి తెలిసీ రోజూ నాకు కాఫీ తెచ్చిపెట్టేది. నాకు సిగ్గుగా ఉండేది.

పంతొమ్మిది వందల ఎనభై రెండు వేసవి నుంచి నా ప్రింటౌట్‌లో అంకెల చోట ఖాళీలు వచ్చాయి. డేటా అందలేదనుకున్నాను, బాస్‌కీ అదే చెప్పాను. నవంబర్‌లో ఒక ఉదయం తలెత్తి చూస్తే గోడ మీద ఆవిడ గీత కాగితం అంచు దాటి కిందికి దిగిపోయింది. దాని కోసం కింద మరో కాగితం అతికించి ఉంది. అంటే అంకెలు వస్తూనే ఉన్నాయి. మామూలు హద్దు దాటిన అంకెలన్నీ తప్పులే, తీసి పారెయ్యమని ప్రోగ్రాంలో రాసింది నేనే. తెలివైనదాన్నని మురిసిపోయాను కూడా.

సాయంత్రం కార్‌లో మా ఆయనకు చెప్పాను.

"గ్రీన్‌కార్డ్ ఇంకా రాలేదు మనకి. సైలెంట్‌గా ఫిక్స్ చేసెయ్. ఎవరడుగుతారు?"

"మరి ఆవిడ ఉద్యోగమండీ?"

ఆయన రేడియో సౌండు పెంచాడు. నాకు ఒళ్ళు మండింది, ఆయన మీదా, నా మీదా.

మర్నాడు రెండు కాగితాలూ గోడ నుంచి తీసి బాస్ బల్ల మీద పరిచి, తప్పు నాదేనని చెప్పేశాను. ఆయన ఆ గీత వెంబడి చివరిదాకా వేలు పోనిచ్చాడు. ప్రోగ్రాం సరిచెయ్యమన్నాడు. అంకెలు సరిచూడ్డానికి పెద్దావిడ ఇక్కడే ఉంటుందన్నాడు.

ఆ కబురు పట్టుకుని ఆవిడ దగ్గరికి పరుగెత్తాను. ఆవిడ ఆశ్చర్యపోలేదు.

"ఆ ఖాళీలు ఎందుకొచ్చాయో నాకు సెప్టెంబర్‌లోనే తెలుసు, హనీ."

"మరి బాస్‌కి ఎందుకు చెప్పలేదు? మీ ఉద్యోగం నిలబడేదిగా?"

"చెబితే నిన్ను పంపించేసేవాళ్ళు. నీ తప్పు నువ్వే చూసి సరిచేసుకుంటావని నీ కుర్చీకి ఎదురుగా అతికించాను."

ఆఫీసంతా చూస్తున్నా పట్టించుకోకుండా ఆవిడను పట్టుకుని ఏడ్చేశాను.