అల్లుడుగారు నాలుక చాపితేనే కూర

మా బచేలి ఇనుప గని కాలనీలో దేముడన్నయ్య ఏ ఆకుకూర కొనాలన్నా ముందు బల్లి రుచి చూడాలి. గోడ మీద బల్లి అనుకునేరు, ఇగ్వానా! ముక్కు నుంచి తోక దాకా నాలుగడుగులు. నేను చెబితే ఆరడుగులు. అభిషేక్ అనే ఇంజినీరు "వారం రోజులు చూసుకోండి" అని అప్పగించి బదిలీ మీద వెళ్లిపోయాడు. ఆ వారం గడిచి మూడేళ్లయింది.

అన్నయ్య దానికి పెట్టిన పేరు అల్లుడుగారు.

"కూతురే లేదు, అల్లుడేంటన్నయ్యా?" అన్నాను.

"ఏది పెట్టినా మొకం తిప్పేస్తాడు రామతులసీ. మరేటని పిలవమంటావు?"

గనిలో మేడంత డంపరు నడిపే మనిషి, ఇంట్లో మోకాళ్ల మీద కూర్చుని మునగాకు ఈనెలు తీసి, తడిగుడ్డతో తుడిచి, "ఒక్క ఆకు బాబూ" అని బతిమాలేవాడు. సుధారాణి వదిన గుమ్మంలోంచి, "నాకు జొరమొస్తే గంజి నానే కాసుకున్నాను" అనేది.

ఇక ఆదివారం సంత చూడాలి. అల్లుడుగారిని భుజాన వేసుకుని మొదటి బుట్ట దగ్గర మొదలెట్టేవాడు. ఓ ఆకు తుంచి మూతి దగ్గర పెడితే అది కళ్లు మూసుకునేది. "వద్దంటన్నాడు." లాల్ భాజీ అనే ఎర్ర తోటకూర వద్దు, మెంతికూర వద్దు.

కూరలమ్మే సుక్రాం మండిపడేవాడు. "అరే భయ్యా, సాహెబ్‌కి మెనూ కార్డు తేవాల్నా?"

చిట్టచివర పొజ్జే అవ్వ బుట్ట. కొండ దిగి నడిచొచ్చేసరికి మంచి చోట్లూ ఉండవు, కొనేవాళ్లూ ఉండరు. కోసుకొచ్చిన అడవి ఆకు ఎండకి వాడిపోయేది. అవ్వ కొప్పులో ఎర్రపువ్వు మాత్రం వాడగా చూడలేదు. తెలుగు సరిహద్దున ఉన్న గొల్లపల్లిలో పుట్టింది కాబట్టి తెలుగు బాగానే వచ్చు. ఒకసారి జాలిపడి ఊరికే ఓ నోటు చేతిలో పెడితే నా ఒళ్లోకే విసిరింది. "ఏంది? అడుక్కునేటందుకు వచ్చిన్నా?"

ఆ బుట్ట దగ్గర మాత్రం అల్లుడుగారు నాలుక చాపి లబక్కున అందుకునేవాడు. "పాసైపోయింది! మొత్తం కట్టీ అవ్వా!" అనేవాడు అన్నయ్య. అవ్వ ఉప్పూ నూనే కొనుక్కుని పొద్దుండగానే కొండెక్కేది.

వాడిన ఆకు అంత ఇష్టమేంటని నాకు అనుమానం. ఓ ఆదివారం అన్నయ్య చేతినే కనిపెట్టి చూశాను. ఆకు వెనకాల, పిడికిట్లో మందార పువ్వు! బల్లి కొరికేది దాన్ని. ఈ రహస్యం ఎనిమిది ఇళ్లకు తప్ప ఎవరికీ చెప్పలేదు.

పై ఆదివారం సుధారాణి వదిన చెట్టున ఉన్న మందారాలన్నీ పూజకు కోసేసింది. అన్నయ్య ఒట్టి చేత్తో వచ్చాడు. అందరి ముందూ, పొజ్జే అవ్వ బుట్ట దగ్గర, అల్లుడుగారు కళ్లు మూసుకున్నాడు.

"ఈయేళ ఒంట్లో బాలేదవ్వా. కట్టీ, ఇంటికాడ తింటాడు."

"తినకుంటే ఎట్ల కొంటవ్? ఊకె పైసలిస్తవా?" అవ్వ బుట్ట మీద గుడ్డ కప్పేసింది.

అన్నయ్య బుట్ట అంచు పట్టుకున్నాడు. సుక్రాం కూడా నవ్వడం మానేశాడు. అవ్వ బుట్ట ఎత్తుకోబోయి, అన్నయ్య వంక చూసి ఆగింది. గుడ్డ తీసింది. కొప్పులో పువ్వు తీసి ఆకు మీద పెట్టింది.

అది మందారమే. అల్లుడుగారు లబక్కున అందుకున్నాడు. పువ్వుతోపాటు రెండాకులూ పోయాయి.

"తిన్నడు. ఇగ తీస్కో."

"నీకు... తెలుసేటవ్వా?" అన్నాడు అన్నయ్య.

"నీ పిడికిట్ల రేకులు ఎన్నడో చూసిన. బల్లి తినకున్నా మీరు వండుకుంటరు గదా, ఆకు పారేస్తలేరని అమ్మిన."

"వండుకోవడమా! మూడేళ్లబట్టి మా ఇంట ఆదివారమంటే అదే కూర!" అంది వెనకాలే వచ్చిన సుధారాణి వదిన.

అన్నయ్య ఆకు డబ్బులతోపాటు పువ్వుకీ కలిపి ఇవ్వబోతే అవ్వ కళ్లెర్రజేసింది.

"ఆకుకియ్యి చాలు. అల్లునికి పెట్టినదానికి ఎవరన్న పైసలు తీస్కుంటరా?"