మేము నరికిన కలేపొద

నా చిన్నప్పుడు, పదేళ్ళు నిండిన ఏడాది, మా తమ్ముడి ప్రాణం ఒక వేపమొక్కలో ఉందని నేను గట్టిగా నమ్మాను.

తిరుత్తణిలో మాది పూజసామాన్ల అంగడి. మా వీధి అంగళ్ళవాళ్ళలో ఒక అలవాటు ఉండేది. ఇంట్లో ఎవరికైనా పెద్దజబ్బు చేస్తే, ఊరి వెలుపలి గుట్టవాలులో ఆ మనిషి పేరున ఒక వేపమొక్క నాటేవాళ్ళు. మొక్క చిగురిస్తే మనిషి లేచి తిరుగుతాడు. ఎండితే ఏమవుతుందో ఎవరూ పైకి అనేవాళ్ళు కాదు. తమ్ముడికి టైఫాయిడ్ వచ్చి తిరువళ్ళూరు ఆసుపత్రిలో చేర్చినప్పుడు అమ్మ వాడి దగ్గరే ఉండిపోయింది. నాన్న ఒక్క పూట వచ్చి, అవ్వ చెప్పినట్టు మొక్క నాటి, మళ్ళీ రైలెక్కాడు.

దేవుడి పని కదా, నాటే ముందు చోటు శుభ్రం చేయాలి. నాన్న అక్కడున్న కలేపొదను కత్తితో మొదలంటా నరికాడు. నల్లటి చిన్న పండ్లు కాసే ముళ్ళపొద అది. నేను ఎండుగడ్డినంతా ఊడ్చి కుప్పేసి కాల్చాను. చుట్టూ రాళ్ళు పేర్చి సున్నం కొట్టాం. అలికిన వాకిలిలా నున్నగా తయారైన ఆ ఎర్రనేలను చూసుకుని మురిసిపోయాం.

నీళ్ళు పోయడం నా వంతు. రోజూ బడికి వెళ్ళే ముందు చిన్న బిందెతో గుట్ట ఎక్కేదాన్ని. వారానికి ఆకులు వాలాయి. రెండో వారం కొసలు మాడాయి. తమ్ముడికి జ్వరం దిగలేదని ఆసుపత్రి నుంచి కబురు కూడా అప్పుడే వచ్చింది. మరునాడు మొక్క పక్కన కూర్చుని ఏడుస్తుంటే పక్కింటి అక్క నన్ను చూసింది.

ఆమె చెన్నైలో అడవిచెట్ల మీద పరిశోధన చేసేది. సెలవులకు వచ్చినా కొలతతాడూ నోటుపుస్తకమూ పట్టుకుని గుట్టల మీదే తిరిగేది. ఇంత చదివి గడ్డి పీకుతోందని వీధంతా ఎగతాళి.

"ఏం మే, బిందె పట్టుకోని ఏడుస్తాండావు?"

అంతా చెప్పాను. ఆమె నవ్వలేదు, తిట్టనూ లేదు.

"ఈ గుట్ట మింద ఇట్లాంటివి ఎన్ని నాటినారు? ఎన్ని బతికినాయి?"

తెలీదన్నాను.

"నాకూ తెలీదు. రా, చూద్దాం."

ఒక పెద్ద మనిషి తెలీదని చెప్పగా వినడం నాకు అదే మొదటిసారి. వాలంతా తిరిగాం. సున్నపురాళ్ళ వలయాలు చాలానే కనిపించాయి. ఒక్కదాంట్లోనూ పచ్చదనం లేదు, కొన్నింట్లో ఎండు పుల్ల మాత్రం మిగిలింది. అప్పుడు అక్క కర్రతో ఒక కలేపొద కొమ్మను పైకెత్తింది. లోపల జానెడెత్తు వేపమొలకలు రెండు. ఇంకో పొద కింద మరొకటి. నేను ఏడుపు మరిచిపోయాను. మోచేతులు గీరుకుంటున్నా పొదపొదకీ పాకుతూ వెతికాను. బయట బోడినేల మీద ఒక్క మొలకా లేదు.

"వీటికి నీళ్ళెవరు పోసినారక్కా?"

"చూసింది నువ్వు కదా, నువ్వే చెప్పు."

మళ్ళీ తల దూర్చాను. పొద కింద రాలిన ఆకుల అడుగున మట్టి చల్లగా, చెమ్మగా ఉంది. మేకపెంటికలు బయటంతా ఉన్నాయి, ముళ్ళ లోపల లేవు. కొమ్మ మీద పిట్టరెట్ట, అందులో ఒక వేపగింజ. ఈ మూడూ చెప్పాను. అక్క నా మాటలను తన నోటుపుస్తకంలో రాసుకుంది. ఆ క్షణాన నా అంత గొప్పది ఆ గుట్ట మీద ఎవరూ లేరనిపించింది. మరుక్షణమే మా సున్నపురాళ్ళ వలయం గుర్తొచ్చింది.

"అయితే మా మొక్కను మేమే చంపినామా?"

"మీ నాయన భక్తితోనే నరికినాడు మే. మొక్కకు కావాల్సింది నీడ. నెత్తిన నీడ లేకుండా చుమ్మా నీళ్ళు పోస్తే ఏం లాభం?"

"మరి తమ్ముడు?"

ఆమె నా పక్కన కూర్చుంది. "ఇది ఎందుకు ఎండుతా ఉండాదో ఇప్పుడు నీకు తెలుసు కదా. ఆ కారణాల్లో మీ తమ్ముడు యాడన్నా ఉండాడా?"

మనసులో ఒక్కొక్కటే వెతికాను. వాడు లేడు. దిగివస్తుంటే భయం పోలేదు గానీ, మొక్కను వదిలి ఆసుపత్రికి, అది ఉండాల్సిన చోటికి, మారింది.

నాలుగు రోజులకు వేప పూర్తిగా ఎండింది. ఆ తర్వాతి వారం తమ్ముడు ఇంటికొచ్చాడు, పుల్లలా చిక్కిపోయి, ఇంకో ఇడ్లీ కోసం అమ్మతో పోట్లాడుతూ.

"చూస్తివా, బిడ్డ గండాన్ని చెట్టు తన మీదికి తీసుకునింది!" అంది అవ్వ.

"చెట్టు బతికుంటే ఏమనేదానివి అవ్వా?"

"చెట్టే కాపాడిందని అనేదాన్ని. నోరు మూసుకోని కూడు తిను."

అందరూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు. ఏం జరిగినా ఓడిపోని మాట మనకు ఏమీ చెప్పదని అప్పుడు మొదటిసారి తోచింది, ఇన్ని మాటల్లో కాకపోయినా. అవ్వ మీద నాకు కోపం లేదు. భయంలో ఆమెకూ ఏదో ఒక ఆసరా కావాలి. కానీ తమ్ముడి చావుబతుకుల్ని పదేళ్ళ పిల్ల చేతిలో బిందెతో పాటు పెట్టిన ఆ ఆచారం మీద కోపం ఇప్పటికీ చల్లారలేదు.

తర్వాత నేనూ అదే చదువు చదివాను. పాడైన నేలల్లోకి అడవిని తిరిగి రప్పించడం ఎలాగో ఏళ్ళ తరబడి పాఠాలు చెప్పాను, ఇప్పటికీ పిలిస్తే వెళ్ళి చెబుతున్నాను. ఏ గుట్టకు వెళ్ళినా విత్తనం చల్లే ముందు విద్యార్థుల చేత రెండు వాక్యాలు రాయిస్తాను: ఇక్కడ ఏం జరుగుతుందనుకుంటున్నావు? ఏం కనిపిస్తే నీ ఊహ తప్పని ఒప్పుకుంటావు? రెండోది రాయనివాళ్ళ చేతికి విత్తనాల సంచి ఇవ్వను.

పోయిన వానలకు ఊత్తుకోట దగ్గర నేనూ రాశాను. మొలకలు వాలు పైభాగంలోనే ఎక్కువ నిలుస్తాయని నా ఊహ. లెక్క తిరగబడింది, కిందిభాగమే గెలిచింది. ఆ కాగితం నాకు చూపించడానికి ఒక విద్యార్థిని మొహమాటపడింది. నేనే కలం తీసుకుని నా వాక్యం పక్కన 'తప్పు' అని రాశాను. ఈ వయసులోనూ ఆ మాట రాసేటప్పుడు నాకు సంతోషమే కలుగుతుంది. ఓడిపోవడానికి వీలున్న మాట చెప్పగలిగాను కదా అని.