శాకాహారి అత్త, కోళ్లషెడ్డు చుట్టరికం

హిందూపురంలో నా ఉద్యోగం క్రిములకు చుట్టాలను వెతకడం. ఆసుపత్రి మూత్రం, కోళ్ల రెట్ట, కాలువ నీళ్లు, వీటిలో ఎక్కడ మందుకు లొంగని క్రిమి దొరికినా దాని జన్యుక్రమం చదివి డేటాబేస్‌లో పెడతాం. మనిషికీ కోడికీ మురుగుకూ అక్కడ ఒకే హోదా. మా ప్రాంతంలో నేను చూసిన సమానత్వం అదొక్కటే.

ధర్మవరంలో పట్టుచీరలు నేసే మా అత్తకు మూత్రంలో మంట, చలిజ్వరం పట్టుకున్నాయి. మాత్రలు మార్చినా తగ్గలేదు. కిడ్నీలకు పాకుతుందని డాక్టరు భయపడ్డాడు. నమూనా మా ల్యాబుకే వచ్చింది. సూదితో ఎక్కించే ఒకే ఒక్క మందుకు ఆ క్రిమి లొంగుతుందని తేలింది. ఆ మందు మొదలయ్యాక, ఆ క్రిమి చుట్టాలెవరని డేటాబేస్‌ను అడిగాను. పెనుకొండ దగ్గరి ఒక కోళ్లషెడ్డు నుంచి అంతకుముందు మేమే తెచ్చిన రెట్టలోని క్రిమిని చూపించింది.

ఆ సంగతి మంచం పక్కన నిలబడి చెప్పడం నా తెలివి.

"ఏంరా, నన్ను కోడితో వియ్యం కలుపుతాండావా? గుడ్డు తగిలిన గరిటెను గూడా గడప దాటనియ్యను నేను!"

"నేను కాదత్తా, కంప్యూటరు."

"దానికి మడి లేదు సరే, నీకన్నా బుద్ధి ఉండొద్దా?"

మామ చిన్నగా దగ్గాడు. "మిద్దె మీద కొత్తిమీర..."

ఆ షెడ్డాయన కూతురి పెళ్లిచీర అత్త మగ్గం మీదే ఉంది. బేరానికొచ్చిన రోజు మిద్దె మీది కుండీలు చూసి ముచ్చటపడి, మర్నాడే ఒక బస్తా కోళ్ల ఎరువు పంపాడట. అత్త ఆ పచ్చి ఎరువే వేసి, కొత్తిమీర గిల్లి, కడిగీ కడగకుండా పెరుగన్నంలో చల్లుకునేది. క్రిమి వచ్చిన దారి అదేనని డేటాబేస్ ప్రమాణం చేయదు. అత్త మాత్రం గోడవైపు తిరిగి పడుకుంది.

సాయంత్రం షెడ్డాయన అరటిపండ్లతో పలకరించడానికొచ్చాడు.

"ఏమప్పా, నీ కోళ్లకు జ్వరమా, మందులు పోస్తాండావంట?"

"రాకుండానేమ్మా. నీళ్లలో కలిపేస్తాం, అందరూ చేసేదే."

"జ్వరం వచ్చినదాన్ని, నాకే మందు పారలేదు. రానివాటికి దినామూ మందా? అది ఆపేదాకా నీ చీర మగ్గం మీద సగంలోనే ఉంటాది."

అదే మాటను, రోజూ మందు పోస్తే క్రిములు దానికి లొంగకుండా పోతాయని, నేను ఆయనకు ఇంతకుముందే బొమ్మలేసి మరీ చెప్పివున్నాను. అప్పుడు టీ ఇచ్చి పంపాడు. ఇప్పుడు చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

అత్త కోలుకుంది. ఈసారి రెట్ట కోసం షెడ్డుకు పోతే ఆయనే ఎదురొచ్చాడు.

"ఉత్త నీళ్లే పోస్తాండామని మీ అత్తకు చెప్పబ్బా. పెళ్లి దగ్గర పడింది, చీర యాడిదాకా వచ్చిందంట?"

"ముందు ఆ తొట్టి నీళ్లు కొంచెం పట్టియ్యి. పరీక్ష చేయకుండా ఏదీ నమ్మొద్దని అత్త ఆర్డరు."