కథలో ముందే పోయిన మా మామ

మొన్న బుధవారం బడికి బయల్దేరుతుంటే బావ ఫోన్ చేసి, "నాయిన పోయిండు" అన్నాడు. సంచీ అక్కడే పడేసి ఆటో ఎక్కాను.

పోయింది మా మేనమామ, అమ్మకు సొంత తమ్ముడు. అయిజ దగ్గర పల్లెలో సీడుపత్తి, అంటే పువ్వు పువ్వుకూ చేత్తో పుప్పొడి అద్ది విత్తనాల కోసం పెంచే పత్తి, పండించే రైతు. మీకు ఆయన తెలియడు. కానీ మీలో కొందరు ఆయన్ని చదివే ఉంటారు. మామ ఒక్కగానొక్క కొడుకు, అంటే మా బావ, వనపర్తిలో లెక్చరర్. రెండు మూడేళ్ల కింద ఆయన రాసిన కథ ఆదివారం పేపర్లో వచ్చింది. అందులో ఒక తండ్రి, చేలో పని ఆపి చదువుకుంటున్న కొడుకు చేతిలోంచి పుస్తకం లాక్కుని కాలువలో పారేస్తాడు. ఆ కొడుకు పెద్దవాడై ఇంటి ముఖం చూడడు. చివరకు తండ్రి ఒంటరిగా కన్నుమూస్తాడు. కొడుకు వచ్చేసరికి చితి ఆరిపోయి ఉంటుంది. చదివినవాళ్లు కొడుకు మీద జాలిపడి, తండ్రిని రెండు తిట్టుకుని ఉంటారు. ఆ తిట్లు పడ్డ మనిషి గురించి చెప్పకుండా ఉండలేకపోతున్నాను.

మామది పెద్ద గొంతు, చిన్న మాట. మెచ్చుకోవడం అసలు చేతకాదు. ఎంత బాగున్నదానికైనా ఆయన నోట వచ్చేది ఒకటే: "నడుస్తది." పదో తరగతిలో నేను బడికంతా ఫస్టు వస్తే "నడుస్తది తియ్" అన్నాడు. నా పెళ్లికి గద్వాలలో మగ్గాల ఇళ్లన్నీ తిరిగి పట్టుచీర తెచ్చాడు. చూసినవాళ్లంతా నోళ్లు తెరిస్తే, ఆయన మాత్రం దూరంగా నిలబడి "ఆఁ, నడుస్తది" అన్నాడు. ఇంటికి ఎవరొచ్చినా రోడ్డు దాకా వచ్చి సాగనంపేవాడు. బస్సు కనపడగానే మెడలోని తువ్వాల తీసి రోడ్డుకు అడ్డంగా నిలబడి ఊపేవాడు. అక్కడ స్టాపు లేకపోయినా డ్రైవర్లు ఆపేవారు, పాపం ఆపక ఏం చేస్తారు.

ఊరందరితో మాట్లాడే ఈ మనిషి కొడుకుతో మాత్రం నేరుగా మాట్లాడడు. కొడుకూ అంతే. ఇద్దరూ పక్కపక్కనే కూర్చుని తింటున్నా మధ్యలో అత్త ఉండాల్సిందే. "వాణ్ణి ఇంకింత కూర ఏసుకోమను" అని మామ. "సాలని చెప్పమ్మా" అని బావ. అత్త ఇద్దరికీ చెప్పీ చెప్పీ, ఆమె అన్నం చల్లారిపోయేది. గొడవలేం లేవు. ఇదో అలవాటు. మా వైపు చాలా ఇళ్లల్లో ఇంతే. కొడుక్కి గడ్డం రాగానే తండ్రికి మాటలు ఆగిపోతాయి.

అత్త పోయాక ఆ ఉద్యోగం నాకొచ్చింది. "కోడలా, మీ బావ తింటుండా లేదా కనుక్కో" అని మామ ఫోను. "నాయిన బీపీ గోలీలు ఏసుకుంటుండా అడుగు" అని బావ ఫోను. ఒకసారి నాకు ఒళ్లు మండి, "నేనేమన్న ఆర్టీసీ బస్సునా, ఈడి సంచి ఆడ, ఆడి సంచి ఈడ దింపనీకి?" అని అరిచాను. మామ నవ్వి, "నువ్వన్న నడుస్తున్నవ్ బిడ్డా, గంతే సాలు" అన్నాడు.

ఆ రోజుల్లోనే కథ అచ్చయింది. ఎందుకు రాశావని అడిగితే బావ, "నాయినతోని మాట్లాడనీకి రాదు నాకు. రాయనీకి వస్తది" అన్నాడు. ఊళ్లో మాత్రం పెద్ద రగడ. హోటల్లో ఎవరో పేపరు పట్టుకొచ్చి చదివారు. ఇక అంతే, సాయంత్రానికి పాలోళ్లు, అంటే దాయాదులు, నలుగురు మామ ఇంటి ముందు చేరి, కొడుకును పిలిపించి తప్పు ఒప్పించాలని పట్టుబట్టారు. మా అమ్మ సంగతి చెప్పనక్కర్లేదు. గద్వాల నుంచి నన్ను వెంటబెట్టుకుని వెళ్లి, గడప దగ్గరే కూలబడి, "బతికున్నోణ్ణి సంపిండు గదరా!" అని శోకాలు మొదలుపెట్టింది.

మామ అప్పటికి ఇంకా కథ చదవలేదు. పేపరు ఏదైనా పైకి చదవడమే ఆయనకు అలవాటు. అందరినీ కూర్చోమని, దారం కట్టిన కళ్లద్దాలు పెట్టుకుని మొదలుపెట్టాడు. తన చేతులతో తను పుస్తకం పారేయడం చదివాడు. ఒంటరిగా తను చచ్చిపోవడం కూడా, పత్తి ధరలు చదివే గొంతుతోనే చదివాడు. చివర రాసినవాడి పేరు ఇంటిపేరుతో సహా చదివి, కళ్లద్దాలు తీసి, "నడుస్తది" అన్నాడు.

ఆ మాట విలువ ఆ ఇంట్లో నాకు తెలిసినంతగా ఎవరికి తెలుసు?

"ఏం నడుస్తది? పేపర్ల నీ పరువు తీసె!" అన్నాడు ఒక పెద్దమనిషి.

"మొగ్గ ఒలిసేది, తెల్లారి పుప్పొడి అద్దేది, ఒక్క తప్పు లేకుంట రాసిండు. ఇన్నేండ్లాయె, మన చేను గురించి ఎవడన్న రాసిండా?"

అమ్మ ఇంకా ఏడుస్తూనే ఉంది. బతికున్నవాణ్ణి పోయాడంటే ఆయుష్షు పెరుగుతుందని మా వైపు ఒక నమ్మకం. తలమీద కాకి తంతే, దోషం పోవాలని చుట్టాలకు చావుకబురు పంపి ఏడిపించేవాళ్లు కూడా ఉన్నారు. మామ అమ్మ పక్కన కూర్చుని, "ఏడువక్కా, మంచిగ ఏడువు. నా కొడుకు రాష్ట్రమంతా సావుకబురు పంపిండు. ఇగ నన్నెవడు ఆపుతడు?" అన్నాడు. ఏడుస్తున్న అమ్మకు నవ్వొచ్చి పొలమారింది. వచ్చిన పెద్దమనుషులు టీ తాగి వెళ్లిపోయారు.

నేను తెలుగు టీచర్ని. పాఠాల్లోనూ కథల్లోనూ అమ్మ గురించి పిల్లలకు ఎంత చెప్పినా తరగదు. తండ్రి దగ్గరికి వచ్చేసరికి ఆయన గుమ్మంలో నిలబడి కోప్పడుతూ ఉంటాడు. మన కథలు చాలావరకు కొడుకులు రాసినవే. తండ్రులయ్యాక కూడా వాళ్లు కొడుకులుగానే రాస్తారు. నాకున్న ఈ కంప్లైంటు మామతో చెప్తే తేలిగ్గా తీసిపారేశాడు. "వాడు కొడుకు గదా, కొడుకు తీరు రాసిండు. వాని కొడుకుకు మీసాలు రానియ్యి, ఇంకో తీరు రాస్తడు."

ఆ రోజు బస్సు కోసం నిలబడ్డప్పుడు ఉండబట్టలేక అడిగాను. "పుస్తకం ఏసింది నిజమేనా మామా?"

"ఏసిన. పొద్దెక్కితె పుప్పొడి పనికిరాదు. కోపమొచ్చింది, ఏసిన." బస్సు వచ్చే వైపు చూస్తూ అన్నాడు. "వాడు ఏడ్సుకుంట ఇంటికి వాయె. నేను పుస్తకం ఎంబడి కాలువ పొంటి ఉరికిన."

"బావకు తెల్సా?"

"ఎట్ల తెలుస్తది? వాడు ఎన్కకు తిరిగి సూడలే."

"మరి చెప్పకపోతివి?"

"ఏమని చెప్పాలె? దొరికుంటే చేతికిచ్చేటోణ్ణి. దొరకలే." బస్సు కనపడింది. తువ్వాల తీస్తూ, "నువ్వు గూడ చెప్పకు. వాని కథ ఖరాబైతది" అన్నాడు.

చెప్పలేదు. చాలా కష్టం మీద చెప్పలేదు.

పోవడానికి వారం ముందు మామకు గుండె నీరసిస్తే గద్వాలలో దవాఖానలో చేర్చాం. బావ సెలవు పెట్టి వచ్చి మంచం పక్కనే ఉన్నాడు. తండ్రికి మూతి తుడిచాడు, ఒళ్లు తుడిచాడు. మాట మాత్రం లేదు. నేను టిఫిన్ డబ్బా పట్టుకుని వెళ్తే మామ నన్ను చూసి, "వాణ్ణి పోయి జర పండుమను" అన్నాడు. చేతికందే దూరంలో నిలబడి బావ, "పోనని చెప్పు" అన్నాడు.

నాకు ఎక్కడలేని కోపం వచ్చింది. ఇంకెన్నాళ్లుంటాడని ఈ మనిషి? బావ చొక్కా పట్టుకుని వరండాలోకి లాక్కొచ్చి, కాలువ సంగతి మొత్తం చెప్పేశాను. మాట తప్పానన్న చింత నాకు అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు. బావ నేరుగా లోపలికి వెళ్లాడు.

"పుస్తకం దొరికిందా నాయినా?"

మామ తత్తరపడి నా కోసం గుమ్మం వైపు చూశాడు. నేను పక్కకు తప్పుకున్నాను.

"యాడ దొరుకుతదిరా," అన్నాడు చివరికి. "నీళ్లు జోరు మీదుండె."

"ఎందాక ఉరికినవ్?"

"పెద్ద తూము దాంక. ఆడ లోపటికి దూరింది. మల్ల తేలలే."

బావ మంచం మీద కూర్చున్నాడు. కళ్లు తుడుచుకుంటూనే నవ్వాడు. "అది బడి పుస్తకం నాయినా. పోగొట్టినవని సారు ఎట్ల కొట్టిండనుకున్నవ్? చేతులు వాసినయ్."

మామ ముఖం మారిపోయింది. "కొట్టిండా? నిన్నా?"

"గప్పుడెప్పుడో..."

"ఏ సారురా వాడు? ఏసింది నేనైతే నిన్నెట్ల కొడ్తడు? నాకెందుకు చెప్పలే?"

ముక్కుకు ఆక్సిజన్ గొట్టంతోనే మోచేతి మీద లేవబోయాడు. "పండుకో నాయినా, పండుకో" అంటూ బావ ఆయన రెండు భుజాలూ పొదివి పట్టుకున్నాడు. మామ వినలేదు. రెండు కాళ్లూ కిందికి దించి, మంచం కింద చెప్పుల కోసం తడుముతూనే ఉన్నాడు.