తాళంచెవితో చూపించేవాడు

జనగామ శివారులో మా చేలను ప్లాట్లు చేసి అమ్మిన బ్రోకర్ మా వాడ మనిషే. తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. ఏదైనా వేలితో కాదు, కారు తాళంచెవితో చూపించేవాడు. "గిటు రోడ్డస్తది, గటు బడి అస్తది" అనేవాడు.

ఒకరోజు కొనడానికి వచ్చినవాళ్లకు మా వాడ పెద్దల గోరీలున్న జాగ చూపించి, "గీడ పార్కస్తది" అన్నాడు. మా బాపు గోరీ, ఆ బ్రోకర్ సొంత నాయిన గోరీ అక్కడే ఉన్నాయి. వారంలో డోజరు పెట్టించి అంతా చదును చేయించాడు. పార్కు రాలేదు. ఆ జాగా కూడా అమ్మేశాడు, మేడలు లేచాయి.

మొన్న వాళ్ల అమ్మ చనిపోయింది. పొద్దున్నే ఒట్టి చేతులతో మా గడప ముందు నిలబడ్డాడు.

"అవ్వను పెట్టేటందుకు మీకు మిగిలిన చెల్కల జరంత జాగియ్యి తమ్మీ."

నా బండి తాళంచెవి తీసి ఆ మేడల వైపు చూపించాను.

"నీ పార్కుల పెట్టుకో అన్నా."