హలీమా టీచర్ చూసిన చెయ్యి

మొన్న కామారెడ్డి కూరగాయల మార్కెట్లో ఒకామె చింతచిగురు కుప్ప పోసుకుని కూర్చుంది. ఆ పుల్లటి పచ్చి వాసన తగలగానే నాకు హలీమా టీచర్ గుర్తొచ్చారు. ముందు గుర్తొచ్చింది ఆమె గొంతు. ఎల్లారెడ్డిలో మా వీధి ఈ చివర ఆమె కోప్పడితే ఆ చివరనున్న పిల్లలు పలకలు ముందేసుకునేవారు. మా బడిలో ఒకటో తరగతి చెప్పేవారు, మాకు రెండిళ్ల అవతల ఉండేవారు. మనిషి పొట్టి. నోరు తెరిస్తే మాత్రం ఊరి పెద్దమనుషులు కూడా పక్కకు తప్పుకునేవారు.

నాకు పుట్టుకతోనే గుండెలో రంధ్రం ఉండేది. నాలుగడుగులు ఉరికితే ఆయాసం. ఎనభైలలో, నాకు ఐదేళ్లప్పుడు, హైదరాబాదులో ఆపరేషన్ చేయించారు. ఇంటికొచ్చాక నాకు రాచమర్యాదలే. ఛాతీ మీది కుట్లు చూడటానికి తాడ్వాయి నుంచి కూడా చుట్టాలు దిగారు. అందరి కళ్లూ ఆ గీత మీదే. నేను అన్నానికి ఎడమచేయి చాపుతున్న సంగతి నానమ్మ ఒక్కతే పట్టించుకుంది, అదీ గారాబం ముదిరిందనుకుని.

"గదేం అలవాటే? ఎడమ చేత్తోటి బువ్వ తింటరా ఎవలన్న?" అంటూ ఆ చేతిమీద ఒక్కటి వేసేది. నానమ్మ చెడ్డది కాదు. కొట్టిన మరుక్షణం తనే ముద్దలు కలిపి నోట్లో పెట్టేది. అట్లా నా కుడిచేతికి పనే లేకుండా పోయింది.

ఒకరోజు హలీమా టీచర్ బజారు నుంచి చింతచిగురు కొనుక్కుని వస్తూ, నన్ను బడికి ఎప్పుడు పంపుతారో అడగడానికి మా ఇంట్లోకి వచ్చారు. సరిగ్గా అప్పుడే నానమ్మ నా చేతిమీద కొట్టింది. టీచర్ నా ముందు కూర్చుని, సంచిలోంచి ఒక రెమ్మ తీసి పట్టుకుని, కుడిచేత్తో ఆకు తుంచమన్నారు. నా వేళ్లు ఆకును దాటిపోయాయి. మళ్లీ తుంచమన్నారు. ఆకు దొరికింది గానీ వేళ్ల మధ్య నిలవలేదు.

"అవ్వా, పిల్లను కొట్టకు. ఇది మొండితనం కాదు, ఆ చెయ్యి మాట ఇంటలేదు. మా అబ్బాకు పక్షవాతం వచ్చినప్పుడు గిట్లనే ఉండె" అన్నారు.

నానమ్మ గయ్యిమంది. "గుండె మంచిగ చేపిచ్చుకొస్తే పక్షవాతమంటవేంది టీచరమ్మా? నోట మంచిమాట రాదా?"

మా నాన్న, బాపు మాత్రం తల దించుకున్నాడు. టీచర్ కంటికి అదీ కనపడింది.

"ఏంది రాజన్నా, నీకెరుకేనా?"

అప్పుడు చెప్పాడు బాపు. ఆపరేషన్‌కు ముందు డాక్టర్ ఆయన్ని ఒక్కడినే పిలిచి వివరించాడట. గుండెను బాగుచేసేంతసేపు దాన్ని ఆపి, రక్తాన్ని యంత్రంతో నడుపుతారు. ఆ సమయంలో మెదడుకు రక్తం తగ్గినా, చిన్న గడ్డ పోయి అడ్డంపడినా దెబ్బ తగలొచ్చు. చిన్నపిల్లల్లో అది వెంటనే తెలియకపోవచ్చు, తర్వాత చేతిలోనో నడకలోనో మాటలోనో బయటపడుతుంది, కనిపెట్టి ఉండమన్నాడట.

"చెప్తే ఆపరేషనే వద్దంటదని చెప్పలే. వచ్చినంక నీరసమనుకున్న. గుండె మంచిగైంది గదా అనుకున్న" అన్నాడు, గడపలో నిలబడ్డ అమ్మవైపు చూడకుండా.

"ఆపరేషన్ చేపిచ్చుడు తప్పు కాదు రాజన్నా. చేపియ్యకుంటే పిల్ల దక్కకపోతుండె. చెప్పకపోవుడు తప్పు. నీకెరుకైన సంగతికి పిల్ల దెబ్బలు తిన్నది" అన్నారు టీచర్.

అమ్మ చాలా ఏడ్చింది. ఆ ఏడుపులో బాధకంటే కోపమే ఎక్కువని నాక్కూడా తెలిసింది. ఆ వారంలోనే నన్ను మళ్లీ హైదరాబాదు తీసుకెళ్లారు. టీచర్ అనుమానమే నిజమైంది. ఆపరేషన్ సమయంలో మెదడుకు చిన్న దెబ్బ తగిలిందనీ, చిన్న వయసు కాబట్టి నేర్పితే చెయ్యి చాలావరకు తిరిగొస్తుందనీ డాక్టర్ చెప్పాడు. వ్యాయామాలు చూపించి, ఆ చేతికి రోజూ పని చెప్పమన్నాడు.

పని చెప్పడమంటే హలీమా టీచర్‌కు పండగే. ఆ ఎండాకాలం సెలవుల్లో రోజూ తన వరండాలో నా ముందు చింతచిగురు పోసేవారు. ఎడమచేయి రెమ్మను పట్టుకోవాలంతే, తుంచేది కుడిచేయే. ఆ చిగురు వాళ్లింట్లో మాంసంలోకి, మా ఇంట్లో పప్పులోకి పోయేది. నేను ఏరకుండా వదిలేసిన పుల్లలు బాపు పళ్ల సందుల్లో ఇరుక్కునేవి. ఆ సంగతి చెబితే, "ఇరుక్కోనీ" అనేవారు టీచర్. బాపు మీద కోపం ఆమెకు అంత త్వరగా పోలేదు.

ఒకరోజు విసిగిపోయి చాటను తోసేశాను. "నాతోని కాదు" అని ఏడ్చాను. తిడతారనుకున్నాను.

"ఇయ్యాలకు చాలు. పో, చేతులు కడుక్కో" అన్నారు.

"పూర్తిగ మంచిగైతదా టీచర్?"

"నాకెరుక లేదు బేటీ. ఎంతొస్తదో చూద్దాం."

ఇంటికొచ్చిన ప్రతివాళ్లూ అంతా మంచిగైతదనేవారు. నాకు మాత్రం, తనకు తెలియదన్న ఆ ఒక్కమనిషి మీదే గురి కుదిరింది. బడి తెరిచాక అందరి మధ్యా కుడిచేత్తో తిన్నాను. కంచం చుట్టూ మెతుకులే. నవ్వబోయిన పిల్లల్ని టీచర్ ఒక్క చూపు చూశారు, ఎవరి కంచంలోకి వాళ్లు తలలు వంచారు.

టీచర్ పోయి చాలా ఏళ్లయింది. నేనిప్పుడు కామారెడ్డిలో పిల్లల ఆసుపత్రిలో నర్సును. చలికాలం పొద్దున గుండీలు పెట్టుకోవడానికి నా కుడివేళ్లు ఇప్పటికీ కాస్త సతాయిస్తాయి. మిగతా పనులన్నీ చేస్తాయి. సూది వేయడానికి పసిపిల్లల నరం దొరకబుచ్చుకోవడంలో మా వార్డులో నన్ను మించినవాళ్లు లేరని గర్వంగానే చెబుతాను.

ఈమధ్య బీర్కూర్ నుంచి ఒక జంట రెండేళ్ల పాపను తీసుకొచ్చింది. హైదరాబాదులో గుండె ఆపరేషన్‌కు పోవాలి. భార్య మందులకోసం బయటికి వెళ్లినప్పుడు అతను నా దగ్గరికొచ్చి గొంతు తగ్గించాడు.

"మెదడుకు దెబ్బ తగలొచ్చని డాక్టర్ చెప్పిన సంగతి ఆమెకు చెప్పకుండ్రి సిస్టర్. బుగులు పడ్తది."

అతని ముఖం చూస్తే జాలేసింది. బాపు కూడా ఇట్లాగే నిలబడి ఉంటాడు. అయినా ఆమె రాగానే ఇద్దరినీ కూర్చోబెట్టాను. ఆపరేషన్ తప్పదనీ, అందులో మెదడుకు దెబ్బ తగిలే అవకాశం కొద్దిగా ఉన్నా ఎక్కువమంది పిల్లలు మంచిగా తిరిగొస్తారనీ చెప్పాను. ఇంటికొచ్చాక పాప ఏ చేయి చాపుతోందో, ఎట్లా నడుస్తోందో, వచ్చిన మాటలు నిలిచాయో లేదో చూడమన్నాను. తేడా కనపడితే కొట్టకుండా, తిట్టకుండా వెంటనే తీసుకురమ్మన్నాను.

ఆమె పాపను ఈ భుజం మీంచి ఆ భుజం మీదికి మార్చుకుంది.

"ఆపరేషన్‌కు పోతం సిస్టర్. ఏమేం చూడాల్నో మళ్లొక్కసారి చెప్పు" అంది. తర్వాత భర్తవైపు తిరిగింది. "నువ్వు గూడ దగ్గరికి జరుగు. ఇద్దరం ఇందాం."

అతను కుర్చీ జరుపుకున్నాడు. నేను మళ్లీ మొదటినుంచి చెప్పాను.