ఖాళీ కాని సీసా

నా చిన్నప్పుడు నాకు ఖాళీ సీసాల పిచ్చి ఉండేది. సెంటు సీసా, టానిక్కు సీసా, ఏది కనిపించినా కడిగి ఎండబెట్టి దాచుకునేదాన్ని. వాటన్నిటిలోకి నా కన్ను పడింది మా నాయనమ్మ మాత్రల సీసా మీద. బొటనవేలంత గోధుమరంగు గాజు సీసా, దానికి తెల్లటి మరమూత. గురివింద గింజలు పోసుకోవడానికి అంతకంటే మంచి సీసా గురజాల చుట్టుపక్కల ఎక్కడా దొరకదని నా నమ్మకం.

ఆ మాత్రలు ఎందుకో మాకెవరూ విడమరిచి చెప్పలేదు. నాయనమ్మకు రొమ్ములో గడ్డ లేచిందనీ, గుంటూరులో ఆపరేషన్ చేసి తీసేశారనీ, అది తిరగబెట్టకుండా ఏళ్ల తరబడి రోజూ ఒక మాత్ర మింగాలనీ పెద్దవాళ్ల మాటల మధ్య నుంచి ఏరుకున్నాను. జబ్బు పేరు మాత్రం ఇంట్లో ఎవరి నోటా వచ్చేది కాదు. 'ఆ జబ్బు' అనేవారు, అంతే. మాత్రల ఖరీదు గురించి కూడా గుసగుసలే. వాటి కోసం పాడిగేదెను అమ్మేద్దామని మా తాతయ్య బేరం మాట్లాడుతున్నట్టు ఒకసారి చెవిన పడింది. ఆ గేదెను నాయనమ్మ దూడగా ఉన్నప్పటి నుంచి పెంచింది. ఆవిడ గొంతు వింటే చాలు, అది మేత మాని తలెత్తేది.

మొదటి సీసా ఖాళీ అయ్యాక నాకే ఇచ్చింది. రెండోది కూడా ఇస్తానంది. నేను రోజూ గూట్లోకి తొంగి చూడటం, సీసా ఊపి చూడటం. మొదటిది అయిపోయినంత తొందరగా ఇది అయిపోవడం లేదు. నాకు ఆశ ఎక్కువ, ఓపిక తక్కువ. అందుకని ఒక పొద్దున నాయనమ్మ వెనకాలే నిలబడి చూశాను. గ్లాసుతో నీళ్లు తెచ్చుకుంది, నీళ్లు తాగింది, గ్లాసు బోర్లించింది. సీసా జోలికే పోలేదు.

ఎందుకు మింగలేదని అడిగితే మొదట కసిరింది. నేను వదిలే రకం కాదని తెలిసి, పక్కన కూర్చోబెట్టుకుంది. "కాలవ చూళ్ళా? ఒక వారం నీళ్ళొస్తయ్, ఒక వారం ఆపేస్తారు. మన మిరప చేను చచ్చిందా? తడి ఆరీ ఆరకముందే మళ్ళీ వంతు వచ్చిద్ది. ఒళ్ళు కూడా అంతేనే. రోజిడిచి రోజు చాలు."

ఆ ఏడు సాగర్ కాలువకు నీళ్లు వంతులవారీగానే వదులుతున్నారు. ఊళ్లో అందరి పనులూ, పెళ్లి చూపులతో సహా, నీళ్ల వంతును బట్టే నడిచేవి. అందుచేత నాయనమ్మ లెక్క నాకు అద్భుతంగా తోచింది. ఒంట్లో కూడా కాలువలు ఉంటాయా, వాటికీ తూములు ఉంటాయా, రాత్రి పడుకున్నప్పుడు ఎవరు తిప్పుతారు అని నాలో నేనే తెగ ఆలోచించాను.

అప్పుడు మెట్ట చేలో జొన్న పాలకంకి మీద ఉంది. పిట్టలు గుంపులుగా దిగే కాలం. చీకటితోనే ఎవరో ఒకరు మంచె ఎక్కి, వడిసెలతో రాళ్లు విసురుతూ, డబ్బా మోగిస్తూ కాపలా కాయాలి. మా ఇంట్లో ఆ పని తాతయ్యది. సెలవు రోజుల్లో నేనూ మంచె ఎక్కేదాన్ని. ఆ ఆదివారం ఎక్కాను. నా బుర్రలో తిరుగుతున్నది బయటికి రాకుండా ఉంటుందా? "తాతా, ఒళ్ళు కూడా కాలవ లాంటిదేనా?" అని అడిగాను. ఎవరు చెప్పారన్నాడు. పూస గుచ్చినట్టు చెప్పాను. తాతయ్య చేతిలో వడిసెల అలాగే ఉండిపోయింది. గోరింకల మంద ఒకటి మా ముందే దిగి తింటున్నా రాయి విసరలేదు. నాకు భయం వేసింది. కాసేపటికి "మంచి మాటే అడిగావులే" అని నా తల నిమిరాడు.

ఇంటికి వచ్చి నాయనమ్మను ఒక్క మాటా అనలేదు. గొడవ అవుతుందేమోనని చెవులు రిక్కించి కూర్చున్న నాకు చాలా నిరాశ కలిగింది.

మర్నాడు తెల్లారింది. తాతయ్య చేలో ఉండాల్సినవాడు వసారాలో మంచం మీద కాలు మీద కాలు వేసుకుని టీ తాగుతున్నాడు. పాలు తీసి వచ్చిన నాయనమ్మ తెల్లబోయింది.

"ఏందయ్యా, పొద్దెక్కతంటే ఇంకా ఈడే ఉండావు?"

"ఇయ్యాల పోను. ఇక నుంచి రోజిడిచి రోజు కాస్తా," అన్నాడు తాతయ్య, టీ ఊదుకుంటూ.

నాయనమ్మ పాలచెంబు దించిన చప్పుడుకు కోళ్లు చెదిరిపోయాయి. "మతుండే మాట్లాడతన్నావా? నీకు సెలవైతే పిట్టలకి సెలవుంటదా? ఇయ్యాల దిగి ఊడ్చుకుపోతే నిన్నటిదాకా కాసిన కాపలా ఏమైపోయిద్ది?"

తాతయ్య లేచి గూట్లోంచి సీసా తీసుకొచ్చి ఆమె అరచేతిలో పెట్టాడు. "పిట్టలకి సెలవుండదని నువ్వే చెప్పావు గదే. ఇది నీళ్ళు పెట్టే మందు కాదు. కాపలా కాసే మందు. ఆ గడ్డకి మాత్రం సెలవుంటదా?"

నాయనమ్మ అరుగు మీద కూలబడింది.  నా వంక ఒక చూపు చూసింది. చివరికి, "గేదెను అమ్మబాకయ్యా," అంది. అంతవరకు నేను మా నాయనమ్మ ఏడవగా చూడలేదు. నాకూ ఏడుపు వచ్చింది. తాతయ్య ఆమె పక్కన కూర్చుని, గేదె సంగతి తర్వాత, ముందు మాత్ర మింగమన్నాడు. మింగింది.

తర్వాత ముగ్గురం చేలోకి వెళ్లాం, నేను బడి ఎగ్గొట్టి. తాతయ్య మాట వరసకు అనలేదు, నిజంగానే ఆ పొద్దు చేనును పిట్టలకు వదిలేశాడు. మంచెకు తూర్పున ఉన్న సాళ్లలో కంకులు బోసి నోళ్లలా ఉన్నాయి. నాయనమ్మ వాటిని ఒక్కొక్కటే తడిమి చూసుకుంటూ నడిచింది. ఆ రోజు మంచె ఎక్కి, వడిసెల తనే అందుకుని రాళ్లు విసిరింది. ఆవిడ గురి తాతయ్య కంటే బాగుంటుందని నాకు అప్పుడే తెలిసింది.

ఆ వారంలోనే గుంటూరు వెళ్లాం. ఏడ్చి పేచీ పెట్టి నేనూ బస్సెక్కాను. డాక్టరు ముందు కూర్చోగానే మామూలుగా అయితే మావాళ్లు అన్నిటికీ తలూపి బయటికి వచ్చేవాళ్లు. డబ్బు మాట అక్కడ ఎత్తడం పరువు తక్కువ. తాతయ్య మాత్రం కండువా ఒళ్లో పెట్టుకుని, "అయ్యా, ఈ మందు మాకు మోయలేనంత బరువుగా ఉంది. మానం, తగ్గించం. ఏదన్నా దారుంటే చెప్పండి," అన్నాడు. నాయనమ్మ సిగ్గుతో కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

డాక్టరు కోప్పడలేదు. ఆ మాట ముందే చెప్పాల్సింది అన్నాడు. బయటి దేశం నుంచి వచ్చే సీసా బదులు అదే మందు ఇక్కడ తయారుచేసే కంపెనీ ఉందని, కాగితం మీద మందు అసలు పేరే రాసిచ్చాడు. ఇది దొరక్కపోయినా, ఇదీ బరువైనా, మానేసే ముందు తన దగ్గరికి రమ్మని నాయనమ్మకు మరీ మరీ చెప్పాడు. కొత్త సీసా ఖరీదు విని ఆవిడ నమ్మలేదు. బస్సులో పాతదీ కొత్తదీ నా చేతిలో పెట్టి, "చదువుకుంటన్నావుగా, రెండిటి మీదా ఒకటే ఉందేమో చూడవే," అంది. పైన పెద్దక్షరాల పేర్లు వేరు. కింద చీమ తలకాయలంత అక్షరాల్లో ఉన్న పేరు ఒకటే. కుదుపుల్లో ఒక్కో అక్షరం కూడబలుక్కుని చదివి చెప్పాను. నకరికల్లు దాటేసరికి ఆవిడకు నమ్మకం కుదిరి నిద్రపోయింది.

గేదెను అమ్మలేదు. కొత్త సీసాలు ప్లాస్టిక్‌వి, నాకు నచ్చలేదు. అయినా ఖాళీ అయిన రోజున నాయనమ్మ వాటిని నా ముందు బోర్లించి, తట్టి మరీ ఇచ్చేది. నా పెళ్లిలో తలంబ్రాలు కలిపింది ఆవిడే.

ఇప్పుడు నాకూ అదే జబ్బు. నేను దాని పేరు పెట్టే పిలుస్తాను, క్యాన్సర్ అని. నాకు రాసిన మాత్ర వేరు, ఖరీదు వింటే కళ్లు తిరిగాయి. మొదటి నెలలోనే ఒక పొద్దున షీటులోంచి మాత్ర తీయబోయి, రేపు వేసుకుందాంలే అనుకున్నాను. అనుకున్న మరుక్షణం నాకే నవ్వొచ్చింది. మాత్ర మింగి, తర్వాత డాక్టరమ్మ దగ్గర తాతయ్య అన్నట్టే అన్నాను. మానను, తగ్గించను, దారి చెప్పండి అని. ఇంత చదువుకున్నదాన్ని, ఆ మాట అనడానికి నాకెంత సిగ్గేసిందో! అదే మందు వేరే కంపెనీది తక్కువలో దొరికింది. కొంత సర్కారు పథకం కింద వచ్చేలా ఆసుపత్రివాళ్లే దారి చూపించారు.

ఈ కథంతా నా నోట విని పెరిగిన మా అమ్మాయి నరసరావుపేట నుంచి రోజూ పొద్దున్నే ఫోన్ చేస్తుంది. మందు వేసుకున్నావా అని అడగదు. "అమ్మా, మంచె ఎక్కావా?" అంటుంది. గ్లాసు బోర్లించి, ఎక్కానని చెబుతాను.